పక్కన కూర్చుని చెప్పే చదువు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. పిల్లో పిల్లాడో ఒక్కరే, చెప్పేవాళ్ళూ ఒక్కరే, వయసు 5 నుంచి 8 లోపు. అమ్మలు రాశారు, నాన్నలు రాశారు, ఒక తాతగారు రాశారు, కొత్తగా ట్యూషన్ మొదలుపెట్టిన ఒకమ్మాయి రాసింది. నేను క్లాసు ముందు నిలబడి చెప్పినదాని కంటే ఇలా ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందే ఎక్కువ, అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నా. మిగతా ఉత్తరాలకి వచ్చే నెల జవాబు ఇస్తా, కొంచెం ఓపిక పట్టండి.

ప్రశ్న: టీచర్ గారూ, మా పాపకి ఆరేళ్ళు నిండాయి, ఒకటో క్లాసు. క్లాసులో అంతమందిలో దానికి ఏం ఎక్కుతుందో ఏమో అని రోజూ సాయంత్రం గంటసేపు నేనే కూర్చోబెట్టి చెప్తున్నా. ఒక్కదానికే కదా, తొందరగా వచ్చేస్తుంది అనుకున్నా. పది నిమిషాలు కాగానే నీళ్ళంటుంది, బాత్రూమ్ అంటుంది, పెన్సిల్ ముక్కు విరిగిందంటుంది, నాకు కోపం వచ్చి గట్టిగా అరుస్తా, అది ఏడుస్తుంది, అది పడుకున్నాక నేను ఏడుస్తా. నిన్నైతే దానికి బాగా వచ్చిన మాటే చదవమంటే పుస్తకం చూడకుండా నా మొహం చూస్తూ కూర్చుంది. ఒక్క పిల్లకి కూడా చెప్పుకోలేకపోతున్నా, తప్పు నాదేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట మనసులోంచి తీసేయండి. రోజూ గంట టైం పిల్లకోసం పక్కన పెట్టే మనిషి తనని తాను ఇలా నిందించుకోకూడదు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది, నా మొహం చూస్తూ కూర్చుంది అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు విషయం. పుస్తకం చూడాల్సిన పిల్ల మీ మొహం ఎందుకు చూస్తోంది? జవాబు అక్కడ దొరుకుతుంది కాబట్టి. మీ కనుబొమ్మ కొంచెం ముడిపడితే తప్పు, మీ పెదవి కొంచెం విచ్చుకుంటే రైటు. పెద్దవాళ్ళ మొహం చదవడం పిల్లలకి పలక పట్టకముందే వచ్చేస్తుంది, అందులో వాళ్ళు మనకంటే ఘనులు. మీకు తెలీకుండానే పాప రోజూ గంటసేపు ఆ చదువే చదువుతోంది.

అందుకే మొట్టమొదట మార్చాల్సింది కూర్చునే చోటు. ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి, భుజం భుజం తగిలేలా, ఇద్దరి చూపూ ఒకే పుస్తకం మీద పడేలా. తను చదువుతుంటే మీరు తన మొహం చూడకండి, మీరూ ఆ అక్షరాలే చూడండి. మొదటి రెండు రోజులు తల తిప్పి మీ వైపు చూస్తుంది, మీరు మాత్రం పుస్తకం మీదనుంచి కళ్ళు తీయకండి. మూడో రోజుకో నాలుగో రోజుకో తన చూపు కూడా పుస్తకం మీదకి దిగుతుంది.

రెండోది టైం. క్లాసులో గంటకీ మీ దగ్గర గంటకీ చాలా తేడా ఉందమ్మా. క్లాసులో ముప్ఫై మంది ఉంటే ప్రశ్న ఒక పిల్ల దాకా వచ్చేది ఎప్పుడో ఒకసారి, మిగతా టైంలో కిటికీలోంచి బయటికి చూడచ్చు, పక్కవాళ్ళు చెప్పిన జవాబు విని లోపల్లోపల తనూ చెప్పి చూసుకోవచ్చు, అంటే మెదడుకి మధ్యలో ఊపిరి ఆడుతుంది. మీ ముందు కూర్చుంటే ప్రతి ప్రశ్నా తనదే, ప్రతి తప్పూ తనదే, దాక్కోడానికి జాగా లేదు. ఆ నీళ్ళు, ఆ బాత్రూమ్, ఆ పెన్సిల్ ముక్కు, అవన్నీ ఊపిరి తీసుకోడానికి పిల్ల వెతుక్కున్న దారులు, మొండితనం అనుకోకండి. ఆరేళ్ళ పిల్లకి ఒకేసారి 20 నిమిషాలు చాలు, అందులో కూడా ఒకటే పనిని పట్టుకుని లాగకుండా చదవడం కాసేపు, రాయడం కాసేపు, చేత్తో చేసేది కాసేపు. ఇంకా ఓపికుంటే రాత్రి పడుకునే ముందు మీరు చదివి వినిపించండి, అప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడక్కండి.

మూడోదే అన్నిటికంటే కష్టం, ఆగడం. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల్లో టీచర్లు చెప్పేది రికార్డు చేసి చూసింది, ప్రశ్న అడిగాక పిల్లలకి వాళ్ళు ఇచ్చే టైం మామూలుగా ఒక్క సెకను కూడా ఉండట్లేదు. అదే 3 సెకన్లు ఆగడం నేర్పిస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, తెలీదు అనడం, అసలేమీ చెప్పకుండా ఊరుకోవడం తగ్గాయి. కేవలం 3 సెకన్లు. ఇంట్లో మనం అదీ ఆగం. పిల్ల నోరు తెరిచేలోపు మొదటి అక్షరం మనమే అందించేస్తాం, సాయం చేశాం అనుకుంటాం, కానీ పిల్లకి అర్థమయ్యేది ఏంటంటే కాసేపు ఊరుకుంటే అమ్మే చెప్పేస్తుంది అని.

నా దగ్గరికి వచ్చిన ఒక పాప సంగతి చెప్తా. పలక అన్న మాట చూపించా, వలక అని చదివింది. ఇదివరకైతే వెంటనే ప, ప అమ్మా, సరిగ్గా చూడు అనేదాన్ని. ఆరోజు ఏమీ అనకుండా మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. నాలుగు దాకా వచ్చేసరికి పాప వేలు మళ్ళీ మొదటి అక్షరం మీదకి వెళ్ళింది, ఆ అక్షరం చుట్టూ వేలితో ఒకసారి తిరిగింది, వ అని మెల్లగా అనుకుంది, తల అడ్డంగా ఊపింది, ప... ప... పలక! అని గట్టిగా అరిచింది. నేను చెప్పి ఉంటే ఆ మాట ఆ పూటకి వచ్చేది, అంతే. తనే పట్టుకుంది కాబట్టి మళ్ళీ ఆ మాట దగ్గర తడబడలేదు, పైగా తప్పు చదివితే వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు అన్న సంగతి కూడా తనకి ఆరోజే తెలిసింది. మరి నిజంగా రాకపోతే? ఐదు దాకా లెక్కపెట్టినా కదలకపోతే కొంచెం అందించండి, మొత్తం మాట కాదు, వేలు పెట్టి ఆ అక్షరం చూపించండి చాలు, అప్పటికీ రాకపోతే మొదటి శబ్దం, అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి ఇద్దరూ కలిసి చదివి ముందుకి వెళ్ళిపోండి.

ఇలా అందించడానికి కూడా ఒక లెక్క ఉంది. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అని ముగ్గురు కలిసి 3, 4, 5 ఏళ్ళ పిల్లలు 30 మందికి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి 21 చెక్కముక్కలతో పిరమిడ్ కట్టడం నేర్పించి చూశారు. పిల్ల ఎంతవరకు చేసుకోగలదో అంతవరకు వదిలేసి, ఆగిపోయిన చోట మాత్రమే సాయం పట్టాలి, వచ్చేసిన కొద్దీ ఆ సాయం తీసేయాలి, దీనికే వాళ్ళు స్కాఫోల్డింగ్ అని పేరు పెట్టారు, అంటే గోడ కట్టేటప్పుడు వేసే పరంజా. గోడ నిలబడ్డాక పరంజా ఊడదీస్తాం కదా, చాలా ఇళ్ళల్లో చదువు దగ్గర ఆ ఊడదీసే పని ఎవరూ చేయరు. మూడో క్లాసుకి వచ్చినా అమ్మ వేలు పెడితే గానీ లైను కదలని పిల్లల్ని నేను చూశా, బాధేస్తుంది.

ఇంకొక్క మాట. ఒక్కదానికే చెప్తే తొందరగా వచ్చేస్తుంది అనుకున్నా అన్నారు, ఆ ఆశ తప్పేం కాదు. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త ఒక వ్యాసం రాశాడు, విడిగా ట్యూటర్ దగ్గర నేర్చుకున్న పిల్లల్లో సగటు పిల్లాడు మామూలు క్లాసులో నేర్చుకున్న నూటికి 98 మందిని దాటేశాడని. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అంత తేడా కనపడలేదు, కానీ విడిగా చెప్తే లాభం ఉంది అన్నది మాత్రం నిలబడింది. అయితే బ్లూమ్ చెప్పిన పిల్లలకి ఊరికే పక్కన మనిషిని కూర్చోబెట్టి వదిలేయలేదు, ఇది వచ్చిందా అని చూసుకుని, రాకపోతే సరిచేసి, వచ్చాకే తర్వాతి పాఠానికి వెళ్ళారు. మనం ఏం చేస్తాం? స్కూల్లో ఈరోజు 14వ పేజీ అయింది కాబట్టి ఇంట్లోనూ 14వ పేజీయే. పాపకి 9వ పేజీ దగ్గరే ఆగిపోయిందేమో ఎవరు చూశారు? స్కూలు ఆగలేదు, అంతమంది ఉన్నారు. మీరు ఆగగలరు. రేపు సాయంత్రం ఆ పుస్తకం మూసి, వెనక్కి వెళ్ళి, ఏ పేజీ అయితే పాప హాయిగా చదివేస్తుందో అక్కడ మొదలుపెట్టండి.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ ఫైనల్ ఇయర్. మాకు తెలిసినవాళ్ళు వాళ్ళ బాబుకి (ఐదున్నరేళ్ళు) ఇంటికొచ్చి చెప్పమన్నారు. చిన్నపిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. మొదటి రోజు ఏం చెప్పాలి? టెస్ట్ పెట్టి ఎంత వచ్చో చూడమని వాళ్ళ నాన్నగారు అంటున్నారు.

జవాబు: టెస్ట్ వద్దమ్మా, మొదటి రోజే కాదు, మొదటి వారం రోజులు కూడా వద్దు. కొత్త మనిషివి, వాడికి నీ మీద ఇంకా నమ్మకం కుదరలేదు, అలాంటప్పుడు పెట్టిన టెస్ట్‌లో వాడికి ఎంత భయమో తెలుస్తుంది గానీ ఎంత వచ్చో తెలీదు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే ఆవిడ ఆరేళ్ళ పిల్లలకి ఒక్కొక్కరికీ విడిగా రోజూ 30 నిమిషాలు చదవడం నేర్పే పద్ధతి ఒకటి పెట్టింది. ఆ పద్ధతిలో మాటలు గుర్తుపట్టించే తీరు మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి, బొమ్మ చూసి ఊహించు అనే ధోరణి ఉంది అందులో, అది నాకూ నచ్చదు. కానీ ఒక విషయం మాత్రం నేను ఆవిడ దగ్గరే తీసుకున్నా, మొదటి రెండు వారాలు కొత్తది ఏదీ నేర్పకుండా పిల్లాడికి వచ్చినవాటిలోనే అటూఇటూ తిరగమంటుంది. అవే చదివించడం, అవే రాయించడం. పిల్లాడికి నాకు చాలా వచ్చు అన్న ధైర్యం వస్తుంది, నీకేమో వాడు ఎక్కడ గట్టిగా ఉన్నాడు ఎక్కడ తడబడుతున్నాడు అన్నది టెస్ట్ లేకుండానే తెలిసిపోతుంది.

నువ్వు పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. మార్కులు వెయ్యడానికి కాదు. వాడు చేసిన తప్పుని వాడు చేసినట్టే రాసుకో, రైటు ఏంటో పక్కన రాయక్కర్లేదు. వారం తర్వాత ఆ పేజీలు తిరగేస్తే నీకే కనపడుతుంది, విడివిడిగా ఇరవై తప్పులు అనుకున్నవి నిజానికి రెండో మూడో, అవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని. దీర్ఘాలన్నీ పొట్టిగా చదువుతున్నాడా, మాట చివర మింగేస్తున్నాడా, లెక్కపెట్టేటప్పుడు వేలు ముందుకెళ్ళి నోరు వెనకబడుతోందా. అది దొరికితే నీకు నెలరోజుల పాఠం దొరికినట్టే.

ఇక ఆ రెండు వారాలు అయ్యాక రోజూ ఎలా నడపాలి అంటే, మొదలు వాడికి బాగా వచ్చిన దాంతోనే, మధ్యలో కొత్తది ఒక్కటే, చివర మళ్ళీ వాడికి ఇష్టమైనది. కొత్తది రెండు పెట్టాలని చేతులు లాగుతాయి, పెట్టకు. ఏడుపుతో అయితే ఎప్పుడూ ఆపకు, కష్టమైన చోట ఆగిపోతే కొంచెం తేలికైన దానికి వెనక్కి వచ్చి అది చేయించి అప్పుడు లేవనివ్వు, పిల్లలకి పాఠం మొత్తంలో ఆ చివరి రెండు నిమిషాలే గుర్తుంటాయి అని నా అనుభవం. వాళ్ళ నాన్నగారికి చెప్పు, రెండు వారాలు ఆగితే టెస్ట్ కంటే మంచి రిపోర్ట్ రాసిస్తానని. పాఠం జరిగేటప్పుడు గుమ్మంలో నిలబడి చూడొద్దని కూడా మెల్లగా చెప్పు, అలాగని తలుపు వేసుకోకు, తలుపు తెరిచే ఉండాలి, పెద్దవాళ్ళు పక్క గదిలో ఉండాలి, అది నీకూ మంచిది బాబుకీ మంచిది.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడు వచ్చింది. వందదాకా గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. కానీ నూట మూడు రాయమంటే 1003 అని రాస్తున్నాడు. వాళ్ళ చెల్లికి ఐదేళ్ళు, అది 29 తర్వాత ఇరవై పది అంటుంది. నేనే రోజూ పక్కన కూర్చుని రాయిస్తున్నా, 103 ని యాభైసార్లు రాయించా, మర్నాడు 104 ని మళ్ళీ 1004 అనే రాశాడు. ఏం చేయాలండీ?

జవాబు: మీ పిల్లలిద్దరూ ఆలోచిస్తున్నారండీ, ముందు అందుకు సంతోషించండి. బాబు విన్నది విన్నట్టు రాశాడు, నూరు అంటే 100, పక్కన మూడు అంటే 3, కలిపితే 1003. పాప కూడా అంతే, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, తర్వాత ఇరవై పదే కదా రావాలి, దాని లెక్క ప్రకారం అది కరెక్టే. ఎవరో చెప్పింది అప్పజెప్తే ఇలాంటి తప్పులు రావు, సొంతంగా ఒక రూల్ పట్టుకుంటేనే వస్తాయి. కాబట్టి యాభైసార్లు రాయిస్తే పోదు, రూల్ తప్పని వాడికే కనపడాలి.

పుల్లలు తీసుకోండి, ఏవైనా సరే, ఒక నూట ఇరవై దాకా. బాబునే లెక్కపెట్టి పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయమనండి, మీరు వేసి ఇవ్వకండి, ఆ కట్ట కట్టడంలోనే ఉంది పాఠం. పది కట్టలు అయ్యాక అవన్నీ కలిపి ఒక పెద్ద కట్ట. ఇప్పుడు కాగితం మీద మూడు గళ్ళు గీసి, ఎడమ గడిలో పెద్ద కట్ట, మధ్య గడిలో పదేసి పుల్లల కట్టలు, కుడి గడిలో విడి పుల్లలు. నూట మూడు పెట్టు నాన్నా అనండి. పెద్ద కట్ట ఒకటి పెడతాడు, విడివి మూడు పెడతాడు, మధ్య గడి ఖాళీగా ఉంటుంది. ఇక్కడ ఆగండి, ఏమీ అనకండి. ఒక్కో గడి కింద ఎన్ని ఉన్నాయో అంకె రాయమనండి. ఒకటి రాస్తాడు, మధ్య గడి దగ్గర కాసేపు ఆగుతాడు, ఏం లేవు కదా అంటాడు. ఏం లేవని ఎలా రాస్తావు అని అడగండి. సున్నా రాస్తాడు, తర్వాత మూడు. 103. వాడు రాసిన పాత 1003 కాగితం తెచ్చి పక్కన పెట్టి మరి ఇదేంటి అని అడగండి, దీనికి ఇంకో గడి కావాలి అని వాడే అంటాడు, ఆ రోజు కాకపోతే ఇంకో నాలుగు రోజులకి. తొందరేం లేదు. ఇంకా 110, 101, 111 మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించి చూడండి, సున్నా ఎక్కడ కూర్చుంటే ఏమవుతుందో చేతులకి తెలుస్తుంది.

పాపకి ఆ పుల్లలతోనే, 29 దగ్గర ఒకటి వేస్తే తొమ్మిది విడి పుల్లలు పది అయిపోయి కట్ట అయిపోతాయి, ఇప్పుడు మూడు కట్టలు, ముప్ఫై. మన లెక్కల మాటల్లో ముప్ఫైలో మూడు, నలభైలో నాలుగు, యాభైలో ఐదు, అరవైలో ఆరు దాక్కుని ఉంటాయి, పాపతో ఆ దొంగాట ఆడండి, ఎక్కడ దాక్కుందో కనిపెట్టు అని. తెలుగులో పిల్లల్ని ఏడిపించేవి పదకొండు, పన్నెండు, పంతొమ్మిది లాంటివే, ఇరవై దాటాక దారి సాఫీగా ఉంటుంది. స్కూల్లో ఇంగ్లీషులో చెప్తున్నారేమో కూడా చూడండి, ఎందుకంటే అక్కడ ఫోర్టీన్ అన్నప్పుడు ముందు ఫోర్ వినపడుతుంది, పిల్లలు 41 రాసేస్తారు, అది తిరగేసి రాసే జబ్బేమీ కాదు, విన్న వరసలో రాయడం. కొన్నాళ్ళు ఇంట్లో లెక్కలకి ఒకటే భాష పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మాయ్, నేను రిటైర్ అయినవాణ్ణి. మనవడికి తెలుగు నేను చెప్తున్నాను. వాచకం మొదటి పది పేజీలు గడగడా చదువుతాడు, కానీ అదే మాట కాగితం మీద విడిగా రాసి ఇస్తే తెల్లమొహం వేస్తాడు. మ, య ఎప్పుడూ తికమకే. మా రోజుల్లో అ నుంచి ఱ దాకా దిద్దించి గుణింతాలు వల్లె వేయించేవారు, అదే చేస్తున్నా.

జవాబు: తాతగారూ, నమస్కారం. మనవడు ఆ పది పేజీలు చదవట్లేదండీ, అప్పజెప్తున్నాడు. అది కూడా తెలివే, చెవి బాగుంది వాడికి. పరీక్షగా ఒకసారి బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, చివరి లైనుని ముందు చదవమనండి, తెలిసిపోతుంది.

దిద్దించడం మంచిదే, మానకండి. చేతి కదలికతో అక్షరం గుర్తుంటుందని నమ్మిన మనిషే మరియా మాంటిస్సోరి, 1907లో రోమ్‌లో బడి పెట్టి గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద పిల్లల వేళ్ళు తిప్పించింది. మీరు ఇసుక మీదో, వీపు మీదో వేలితో రాసి ఇదేం అక్షరం అని అడగండి, మనవడు గిలిగింతలు పడుతూ చెప్తాడు. కానీ వరసగా అన్ని అక్షరాలూ అయ్యేదాకా ఒక్క మాట కూడా చదవనివ్వకపోతే పిల్లాడికి ఈ గుండ్రటి గీతలు దేనికో అర్థం కాదు. నాలుగైదు అక్షరాలు రాగానే మాటలు కట్టేయండి. త, ల, వ, ర, గ వచ్చాయా, తల, వల, తర, గల, వరవర అని సరదాగా ఉన్నవీ లేనివీ కలిపి చదివించండి. లేని మాటలు చదివించడం ఎందుకంటే వాటిని కంఠస్థం చేసే వీలుండదు, చూసి చదవాల్సిందే.

మ, య గురించి. ఒకేలా కనపడే అక్షరాలని ఒకే వారంలో నేర్పకండి, ఇది నేను చాలామంది పిల్లల దగ్గర చూసి నేర్చుకున్నా. మ గట్టిపడ్డాక, పదిహేను రోజులు పోయాక య తీసుకోండి. అలాగే ప, వ, ష విడివిడిగా. నిజానికి మన లిపి కూడా ఈ తికమకని గమనించుకుంది, క కి కొమ్ము పెడితే పక్కకి వస్తుంది, వ కి కొమ్ము మాత్రం కిందకి దిగుతుంది, పక్కకే పెడితే అది మ లాగే కనపడుతుంది కాబట్టి. మనవడికి ఈ సంగతి చూపించండి, వ రాసి పక్కన కొమ్ము పెట్టి చూడమనండి, కళ్ళు పెద్దవి చేస్తాడు. గుణింతాల్లో కూడా మొ, మో, యొ, యో దగ్గర ఆగండి, అవి కొ, కో లాగా ఉండవు, ఎత్వం పెట్టి పక్కన కొమ్ము పెట్టినట్టుంటాయి, పిల్లలు వాటిని మె అని చదివి ఆగిపోతారు. వల్లె వేసేటప్పుడు ఈ తేడా వినపడదు, ఎందుకంటే నోరు దాని పాటికి అది పాడుకుంటూ పోతుంది. అందుకే గుణింతం వరస తప్పించి అడగండి, కె చూపించు, కూ చూపించు, కొ ఏది అని.

ప్రశ్న: పేజీ చదివితే స్టిక్కర్, ఐదు స్టిక్కర్లకి బొమ్మ అని పెట్టాను. మొదట్లో బాగా పనిచేసింది. ఇప్పుడు ఎన్ని స్టిక్కర్లు ఇస్తావు అని అడిగి గానీ పుస్తకం తెరవట్లేదు.

జవాబు: మెల్లగా మానేయండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అని అమెరికా సైకాలజిస్టులు బొమ్మలు వేయడం అంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకుని, కొంతమందికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ఆ పిల్లలే బొమ్మల జోలికి తక్కువ వెళ్ళారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ మార్పు లేదు. కాబట్టి బేరం పెట్టకండి, ఎప్పుడైనా మీకు ముచ్చటేసినప్పుడు ఇవ్వండి. మెచ్చుకునేటప్పుడు కూడా శభాష్, తెలివైనదానివి అని వదిలేయకుండా ఏం చేసిందో చెప్పండి, ఆ మాట దగ్గర ఆగి వెనక్కి వెళ్ళి చూసుకున్నావే అనండి. పిల్ల రేపు మళ్ళీ చేయగలిగేది అదే కదా.

ప్రశ్న: మా బాబు (ఆరేళ్ళు) ఇంగ్లీషు బి ని డి లాగా, 3 ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తున్నాడు. డిస్‌లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఉండే ఇబ్బంది) అని నెట్‌లో చదివి నిద్రపట్టట్లేదు.

జవాబు: నిద్రపోండి అమ్మా. ఆరేళ్ళకి తిరగేసి రాయడం చాలామంది పిల్లల్లో మామూలే, చాలామందికి ఏడెనిమిదేళ్ళకి సర్దుకుంటుంది. ఒక గిన్నెని ఎటు తిప్పినా గిన్నే కదా, అక్షరాన్ని తిప్పితే పేరు మారిపోతుంది అన్నది పిల్లలకి పూర్తిగా కొత్త రూలు. తిరగేసి రాయడం కంటే నేను చూసేది వేరే. ప్రాస పట్టుకోగలుగుతున్నాడా, మాటలో మొదటి శబ్దం ఏంటంటే విడదీసి చెప్పగలుగుతున్నాడా, నిన్న వచ్చిన అక్షరం ఈరోజు పూర్తిగా పోతోందా, నెలల తరబడి పక్కన కూర్చుని చెప్పినా కదలిక లేదా, ఇంట్లో ఇంకెవరికైనా చదవడం ఇలాగే కష్టమైందా. ఇవి ఉంటే వెయిట్ చేయకండి, ముందు కళ్ళు, చెవులు చూపించి, తర్వాత పిల్లల చదువు ఇబ్బందులు చూసే నిపుణుల దగ్గరికి వెళ్ళండి. పేరు పెడతారేమో అని భయపడి ఆలస్యం చేసినవాళ్ళని చూశా, ఆ పిల్లలు ఆ రెండేళ్ళూ నేను మొద్దుని అనుకుంటూ గడిపారు. ఆ నష్టం పూడ్చడం అక్షరాలు నేర్పడం కంటే చాలా కష్టం.

ప్రశ్న: వీడియో కాల్‌లో ఒక్కరికే చెప్పే క్లాసులు ఈ వయసుకి పనికొస్తాయా?

జవాబు: మనిషి పక్కన ఉంటే పనికొస్తాయి. టీచర్‌కి పిల్ల మొహం కనపడుతుంది గానీ చెయ్యి కనపడదు, పెన్సిల్ ఎలా పట్టుకుంది, అక్షరం ఎక్కడ మొదలుపెట్టింది, వేళ్ళ మీద లెక్కపెడుతోందా, ఇవేవీ తెలీవు. ఫోన్‌ని కొంచెం పైన పెట్టి పలక కనపడేలా వంచండి, మొహం కంటే పలకే ముఖ్యం. క్లాసు 20 నిమిషాలు దాటనివ్వకండి, మీరు పక్కన ఉండండి కానీ జవాబులు అందించకండి.

ప్రశ్న: ఆదివారం సెలవు ఇవ్వచ్చా? ఒకరోజు మానేస్తే అంతా మర్చిపోతోంది, అందుకని ఆదివారం రెండు గంటలు కూర్చోబెడుతున్నా.

జవాబు: ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. మర్చిపోవడం గురించి భయం వద్దు, 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ తన మీద తనే ప్రయోగం చేసుకుని రాశాడు, నేర్చుకున్నది మొదట్లోనే గబగబా పోతుంది అని, ఒకేసారి కూర్చుని చేసేదానికంటే రోజుల మీద విడగొట్టి చేస్తే తక్కువ కష్టంతో నిలబడుతుంది అని. అంటే ఆదివారం రెండు గంటలు మిగతా ఆరు రోజులకి పరిచేస్తే రోజుకి 20 నిమిషాలు, సరిగ్గా సరిపోయింది చూశారా. సోమవారం కొత్తది మొదలుపెట్టకండి. శనివారం చదివిన పేజీ తీసి, పక్కన కూర్చుని, మొదటి మాట దగ్గర పాప ఆగినా సరే మీరు నోరు తెరవకుండా మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. ఏమైందో నాకు రాయండి.